ఎర్ర చుక్క మీద నీడ

ఆగండి. చేతిలో పని ఒక్క పది నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి. నా మాట నమ్మకపోయినా పరవాలేదు, మధ్యలో మాత్రం లేచి వెళ్ళకండి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి, దానికి నాకు రేపు తెల్లారేలోగా జవాబు కావాలి.

మాది కేబుల్ టీవీ ఇల్లు. కింద పెదనాన్న, పెద్దమ్మ. మధ్య అంతస్తులో అమ్మ, నాన్న, నేను. పైన డాబా మీద ఒక రేకుల గది, దాని పక్కన పన్నెండడుగుల జాలీ ప్లేటు. డిష్ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు, ప్లేటే. అది శాటిలైట్ వైపు చూస్తుంది, అక్కణ్ణించి వచ్చే ఛానెళ్ళని గదిలోని పెట్టెలు పట్టుకుంటాయి, గదిలోంచి వైర్లు నాలుగు వీధుల్లోకి పోతాయి. కేబుల్ పెదనాన్నది. వైర్లు లాగేది నాన్న. పద్నాలుగేళ్ళుగా ఆ గదిలో కూర్చుని పెట్టెల్ని పసిపిల్లల్లా కనిపెట్టుకుని ఉన్నది అమ్మ. ఏ పెట్టె వేడెక్కింది, ఏ బొమ్మ చారలు పడింది, అన్నీ ఫాల్టు రిజిస్టర్లో నిమిషాలతో సహా రాసేది. గది తాళంచెవి ఆమె మెడలో నల్ల తాడుకి వేలాడేది. స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప తీసేది కాదు.

పెట్టెలతో పనిలేని ఛానెల్ ఒకటే, మా లోకల్ ఛానెల్. కింద పెదనాన్న ముందుగదిలో ఒక కెమెరా, ఒక కుర్చీ, వెనకాల నీలం తెర. అంతకుముందు దాంట్లో తప్పిపోయిన పిల్లలు, కొత్త చెప్పుల షాపులు వచ్చేవి. ఫోన్లో ఏవేవో వీడియోలు చూడ్డం మొదలెట్టాక ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా పెదనాన్నే రావడం మొదలెట్టాడు. శాటిలైట్లు లేవట. ఆకాశంలో ఏమీ లేదట. అంతా మనల్ని ఏమార్చడానికట.

శాటిలైట్ ప్లేటు మీద బతికే మనిషి. నన్ను అయిదేళ్ళప్పుడు భుజం మీద ఎక్కించుకుని, చెయ్యి పైకి చాపించి, "అదిగో, సరిగ్గా అక్కడుంది, కనపడదు కానీ ఉంది" అని చెప్పిన మనిషి. ఈ పిచ్చి నాకు ఎక్కించిందే ఆయన. నాకు ఒళ్ళు మండిందంటే మండదా మరి.

చలి పోయి, ఇంకా ఫ్యాను వేసుకోని రోజులవి. పరీక్షలకి చదువుకోమని బడికి సెలవులిచ్చారు. నేను డాబా మీద పుస్తకంతో కూర్చున్నాను. నాన్న ఎదురింటి టైలర్ డాబా మీదికి కొత్త వైరు వేయాలని తాడు సిద్ధం చేసుకుంటున్నాడు. పెదనాన్న పైకొచ్చాడు.

"ఏమే రాకెట్టూ, ఒక్కటి చెప్పు. భూమి లాగుతుందంటారు. లాగితే కిందపడాలి. లాగకపోతే ఎటో ఒకటి పోవాలి. పడకుండా పోకుండా ఉండేదాన్ని ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"లేకపోవడం అంటారు."

నాన్న కిసుక్కున నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పడట్లేదని ఎవరన్నారు పెదనాన్నా? పడుతూనే ఉంది. పక్కకి ఎంత జోరుగా పోతోందంటే, అది పడేలోపు కింద నేల వంగి తప్పుకుంటోంది."

"నేల తప్పుకుంటోందా. మర్యాదగల నేల."

నేను నాన్న దగ్గరికెళ్ళాను. వైరు వేయాలంటే నాన్న ముందు సన్నటి తాడు చివర ఒక పెద్ద నట్టు కట్టి, దాన్ని గిరగిరా తిప్పి ఎదుటి డాబా మీదికి విసురుతాడు. నట్టు పడ్డాక ఆ తాడుతో వైరుని లాగుతారు. నాలుగు వీధుల్లో నాన్నలా విసిరే చెయ్యి లేదు.

"నాన్నా, మెల్లగా విసురు." నట్టు వీధి మధ్యలో పడింది. "ఇంకాస్త." టైలర్ కిటికీ మీది చూరుకి తగిలింది. "ఇంకా గట్టిగా." టైలర్ డాబా దాటి వెనకింటి గోడ మీద పడింది, లోపల్నుంచి ఎవరో తిట్టారు.

"చూశావా పెదనాన్నా, మూడుసార్లూ నట్టు పడింది. పడ్డ దూరమే మారింది. ఇప్పుడు నాన్న చెయ్యి సెకనుకి ఎనిమిది కిలోమీటర్లు విసిరే చెయ్యి అనుకో, మధ్యలో గాలీ గోడలూ లేవనుకో. నట్టు పడుతూ పడుతూ భూమి మొత్తం చుట్టేసి వచ్చి నాన్న బుర్రకే తగుల్తుంది."

నాన్న బుర్ర వెనక తడుముకున్నాడు.

"తోసేదెవరు? పెట్రోలు ఎవరు పోస్తారు?"

"తోయక్కర్లేదు. ఆపేవాళ్ళు లేకపోతే కదిలేది కదుల్తూనే ఉంటుంది. జడత్వం. దారి సర్దుకోడానికి కాస్త ఇంధనం ఉంటుంది, అంతే."

"జడత్వమంటే కదలకపోవడం అనుకున్నానే. మీ నాన్నలాగ."

"అదీ అదే. కదలనిది కదలదు, కదిలేది ఆగదు. ఎవరో ఒకరు లాగితే తప్ప."

నాన్న తాడు చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "తిప్పుతున్నంతసేపూ తాడు లాగుతుంది, నట్టు చుట్టూ తిరుగుతుంది. వదిలితే నేరుగా పోతుంది. నాకు అంతే తెలుసు. దానికి పేరుందని తెలీదు."

"ఆకాశంలో తాడేదిరా?"

"కనపడదేమో అన్నయ్యా."

పెదనాన్న ప్లేటు మీద గట్టిగా తట్టాడు. "సరే, ఇది చెప్పు రాకెట్టూ. ఇరవై ఏళ్ళలో ఈ బోల్టులు ఒక్కసారి తిప్పలేదు. సెకనుకి కిలోమీటర్లకి కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని చూసే ప్లేటు మెడ తిప్పక్కర్లేదా?"

ఇది మంచి ప్రశ్నే, ఒప్పుకుంటాను. "దగ్గర్లో తిరిగేవాటికి తిప్పాలి. మనది ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల పైనుంది. అంత ఎత్తున ఒక చుట్టుకి సరిగ్గా రోజు పడుతుంది. కింద భూమితో పాటు మన ప్లేటూ రోజుకి ఒక చుట్టు తిరుగుతోంది. బస్సులో ఎదురు సీట్లో కూర్చున్న మనిషిని చూడ్డానికి నువ్వు మెడ తిప్పుతావా?"

పెదనాన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ చూపులో పాత పెదనాన్న ఉన్నాడు, ప్రమాణం చేసి చెప్తాను. తర్వాత గడియారం చూసుకుని, ప్రోగ్రాంకి టైమైందని దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పన్నెండూ ఇరవైకి గదిలోంచి అమ్మ కేక వేసింది. వెళ్ళి చూస్తే అన్ని తెరలూ నీలం. రెండు నిమిషాలకి వాటంతట అవే వచ్చాయి. అమ్మ కంగారు పడలేదు. రిజిస్టర్లో రాసుకుని, "మొదలైంది, ఈ వారమంతా ఉంటుంది" అంది.

మీకు తెలీకపోతే చెప్తాను. ఏడాదికి రెండుసార్లు, కొన్ని రోజుల పాటు, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. సూర్యుడు కూడా రేడియోలో గోల చేస్తాడు, శాటిలైట్ గొంతేమో చిన్నది, ఆ గోలలో వినపడదు. మొదటి రోజు రెండు నిమిషాలు, రోజురోజుకీ పెరిగి తొమ్మిది దాకా వెళ్ళి, మళ్ళీ తగ్గిపోతుంది. దానికి మందు లేదు, రిపేరు లేదు. ప్రతిసారీ ఒక రోజు ముందే పెదనాన్న తెర కింద ఒక లైను వేసేవాడు, సూర్యుడి వల్ల కాసేపు ప్రసారాలు ఆగుతాయి, గమనించగలరు అని. జనం గమనించేవాళ్ళు, టీ తాగేవాళ్ళు.

ఈసారి ఆ లైను పడలేదు. ఎలా పడుతుంది? శాటిలైట్ వెనక సూర్యుడని రాయాలంటే ముందు శాటిలైట్ ఉండాలి కదా.

రెండో రోజు అయిదు నిమిషాలు పోయింది. మూడో రోజు ఏడు. ఎదురింటి టైలర్, మేము కత్తెర అని పిలుస్తాం, మెడలో టేపు తీయకుండానే మెట్లెక్కి వచ్చేశాడు.

"ఏంటమ్మా ఇది? మూడు రోజులుగా ఆ సీరియల్లో తలుపు తీస్తోంది. తలుపు వెనక ఎవరున్నారో చూద్దామనేసరికి నీలం తెర. ఏ ఛానెల్ తిప్పినా నీలం తెర. వచ్చేది ఒక్క మీ బావగారి మొహం."

అదీ అసలు సంగతి. లోకల్ ఛానెల్‌కి శాటిలైట్‌తో పనిలేదు కాబట్టి అన్నీ పోయి పెదనాన్న ఒక్కడే మిగిలేవాడు. ఆ టైముకి నాలుగు వీధులూ ఆయన్నే చూసేవి. ఆయన కెమెరా ముందు చేతులు చాపి, "చూశారా, ఆకాశంలో ఉన్నాయన్నవన్నీ పోయాయి, నేల మీదున్న మనం నిక్షేపంగా ఉన్నాం" అన్నాడు.

అమ్మా నేనూ గదిలో చిన్న టీవీలో చూస్తున్నాం. ఎవరో ఫోన్ చేశారు, లైవులో.

"సార్, నాదొక డౌటు. శాటిలైటే లేకపోతే మామూలు రోజుల్లో బొమ్మ ఎక్కణ్ణించి వస్తోంది? ఈ కాసిన్ని నిమిషాలే ఎందుకు పోతోంది?"

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ సవరించుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"పైన కూర్చునేది మా మరదలు లెండి. మధ్యాహ్నం భోంచేశాక ఎంతటివాళ్ళకైనా కన్ను మూతపడుతుంది కదా. చెయ్యి ఏ వైరుకో తగుల్తుంది. నేను మాట్లాడతాను."

ఫోన్లో అవతలి మనిషి నవ్వాడు. నాలుగు వీధులూ నవ్వి ఉంటాయి.

అమ్మ గోడ గడియారం చూసింది. రిజిస్టర్లో, పన్నెండూ ఇరవై అయిదుకి సిగ్నల్ వచ్చింది అని రాసింది. పెన్ను మూత పెట్టింది. అంతే.

సాయంత్రం కిందకెళ్ళి అడిగింది. "బావగారూ, ఇది ప్రతి ఏడూ వచ్చేదే కదా."

"అంటే ప్రతి ఏడూ నిద్రపోతున్నావన్నమాట" అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ నవ్వింది. నాన్న పక్కనే ఉన్నాడు. తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు మందుల షాపుకి వెళ్తే షాపతను అమ్మ చేతిలో చీటీ చూసి, "ఏం కావాలమ్మా, నిద్ర రావడానికా, పోవడానికా?" అన్నాడు. షాపులో నలుగురున్నారు. పద్నాలుగేళ్ళు ఒక్క మధ్యాహ్నం కన్ను మూయని మనిషి. జ్వరంతో కూడా చాప వేసుకోకుండా స్టూలు మీదే కూర్చున్న మనిషి. నేను కౌంటర్ మీది కాటా ఎత్తి అతని మొహాన కొడదామనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. దారిలో, "నీ అరుపులెవరికి కావాలి, చూపించేది ఏమైనా ఉంటే చూపించు" అంది.

ఇంటికొచ్చి రిజిస్టర్లన్నీ దించింది. అట్టడుగుది పసుపురంగు అట్టది, అమ్మ ఆ గదిలోకి రాకముందుది. చేతిరాత పెదనాన్నది. నేను చదివాను. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"సూర్యుడు శాటిలైట్ వెనక. రెండు నిమిషాలు. నీడ చుక్కకి బెత్తెడు దూరం." నాలుగు రోజుల తర్వాత, "నీడ చుక్క మీద. తొమ్మిది నిమిషాలు. లైను వేశాను."

మా ప్లేటు నడిమధ్యలో ఒక గుండ్రటి రేకు ఉంది, దాని మీద ఎర్ర రంగు చుక్క. ప్లేటుకి ఎదురుగా మూడు కాళ్ళ మీద నిలబడే డబ్బా ఒకటుంటుంది, సిగ్నల్ పట్టేది అదే. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చినప్పుడు ఆ డబ్బా నీడ ప్లేటు నడిమధ్యలో పడాలి. పడితే ప్లేటు సరిగ్గా బిగించినట్టు. పెదనాన్న ప్లేటు బిగించిన కొత్తలో నీడతో పరీక్ష చేసుకోడానికి ఆ చుక్క పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఆయనకాయనే కనిపెట్టాడు.

ఆదివారం ప్రోగ్రాం ఉండదు. పన్నెండుకి అందర్నీ డాబా మీదికి పిలిచాను. పెదనాన్న, నాన్న, అమ్మ, నేను. అమ్మ గదికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని, బయట ఎండలో చేతులు రెండూ కనపడేలా నిలబడింది. ఎవరూ చెప్పకుండానే అలా నిలబడిందే, దానికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. దొంగతనం చేయలేదని జేబులు చూపించేవాళ్ళు నిలబడతారే, అలా.

నీడ జాలీ మీద పాకుతూ వచ్చింది. పన్నెండూ పదహారు. పన్నెండూ పదిహేడు. రేకు అంచు ఎక్కింది. కింద వీధిలోంచి కత్తెర గొంతు వినపడింది, "మళ్ళీ పోయిందీ". పన్నెండూ ఇరవై ఒకటికి నీడ సరిగ్గా ఎర్ర చుక్కని కప్పేసింది. నేను పసుపు అట్ట రిజిస్టర్ తెరిచి ఆయన రాతని ఆయనకే పైకి చదివి వినిపించాను.

పెదనాన్న ప్లేటు దగ్గరికెళ్ళాడు. వంగి, చుక్క మీద బొటనవేలితో రుద్దాడు. ఆయన వేలి మీద కూడా నీడ పడింది. నేను గెలిచాననుకున్నాను.

"రంగు వెలిసిపోయింది" అన్నాడు. "మళ్ళీ వేయించాలి."

తర్వాత లేచి, అమ్మ వైపు చూడకుండా, "తాళంచెవి ఇవ్వు" అన్నాడు.

అమ్మ కదల్లేదు. నాన్న కదిలాడు. అమ్మ దగ్గరికెళ్ళి, ఆమె జుట్టుకి తగలకుండా జాగ్రత్తగా, మెడలోంచి ఆ నల్ల తాడు తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

నేను మెట్ల మీద పెదనాన్నకి అడ్డం నిలబడ్డాను. "నీకు తెలుసు" అన్నాను.

"తెలుసు." గొంతు తగ్గించాడు. "ఇరవై ఏళ్ళుగా తెలుసు. బొమ్మ వస్తే నేనెవరికీ గుర్తు రాను, పోతే అమ్మనాన్నల్ని తిడతారు. తెలిసినందుకు ఇరవై ఏళ్ళలో ఒక్కడు నన్ను కూర్చోమన్నాడా? ఇప్పుడు దారిలో ఆపి సార్ అంటున్నారే. తప్పుకో."

జాలి పడమంటారా? పడను. సార్ అనిపించుకోడానికి అమ్మని నిద్రమొహం చేయక్కర్లేదు.

ఆ తర్వాత రోజుకింత తగ్గుతూ వచ్చింది. తగ్గాల్సిందే, సూర్యుడు జరిగిపోతాడు కదా. గదిలోకి పెద్దమ్మ తమ్ముడొచ్చి కూర్చున్నాడు. అతను వచ్చిన నాలుగో రోజుకి పూర్తిగా ఆగిపోయింది. పెదనాన్న కెమెరా ముందుకొచ్చి, "చూశారా, మనిషి మారింది, బొమ్మ నిలబడింది" అన్నాడు. నాలుగు వీధులూ నమ్మాయి. కళ్ళెదుట జరిగింది మరి, నమ్మరా? నేను లెక్కలు వేసి ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కత్తెర ఒక్కడే కూర్చోబెట్టి విన్నాడు. విని, "అయితే ఆ తలుపు వెనక ఎవరున్నారో నీకూ తెలీదన్నమాట" అన్నాడు.

అమ్మ ఇప్పుడు అతని దగ్గరే గుండీలు కుడుతోంది. రిజిస్టర్లన్నీ తెచ్చుకుని మంచం కింద పెట్టుకుంది. నాన్నతో మాట్లాడదు. "మీ నాన్నని తినమను." "మీ నాన్నకి చెప్పు, నీళ్ళు పోతున్నాయి." ఆర్నెల్లుగా మా ఇంట్లో నేనే వైరు.

ఇప్పుడు మళ్ళీ ఆ వారం వస్తోంది. ఏడాదికి రెండుసార్లన్నాను కదా. ఈసారి అదే టైముకి రాదు, ఇరవై నిమిషాలకి పైగా ముందు వస్తుంది. ఎందుకో పెద్ద లెక్క, నేను వేశాను. ఎల్లుండి, పదకొండూ యాభై ఎనిమిది.

నిన్న పెదనాన్న మా అంతస్తుకి వచ్చాడు. ఆర్నెల్లలో మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి నల్ల తాడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాకెట్టూ, ఏ రోజు, ఏ నిమిషం, నాకు చెప్పు. ఈసారి ముందే ప్రోగ్రాంలో చెప్తాను. ఫలానా టైముకి పైవాళ్ళు కావాలని మన బొమ్మ ఆపబోతున్నారు, చూస్తూ ఉండండి అని. చెప్పిన టైముకి చెప్పినట్టు పోయిందంటే ఇక నన్ను కాదనేవాడుండడు. మీ అమ్మ తప్పేం లేదని కూడా ఆ నోటితోనే చెప్తాను. తాళంచెవి ఆమెదే. ఆ రోజు నుంచే కూర్చోవచ్చు."

అర్థమైందా మీకు? శాటిలైట్ లేదని రుజువు చేయడానికి, శాటిలైట్ ఎక్కడుందో నన్ను లెక్క కట్టి చెప్పమంటున్నాడు.

అమ్మ ఆ తాడు వైపే చూస్తోంది. ఆమె చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్నచోట ఆగింది. తర్వాత నా ద్వారా కాకుండా, నేరుగా నాన్నని అడిగింది.

"మీరేమంటారు?"

నాన్న ఒళ్ళో తాడుంది, నట్టు అరచేతిలో ఉంది. దాన్ని తిప్పుతూ, తిప్పుతూ, "దాని ఇష్టం" అన్నాడు, నా వైపు గడ్డం చూపించి.

పెదనాన్న వెళ్తూ ఒక కాగితం, పెన్ను వదిలి వెళ్ళాడు. రేపటి ప్రోగ్రాంలో చెప్పడానికి పొద్దున్నే వచ్చి తీసుకుంటాడు. నిజం రాస్తే అమ్మ తన స్టూలు మీద తను కూర్చుంటుంది, నా లెక్క ఆయన అబద్ధానికి కాళ్ళవుతుంది. ఒక గంట తేడాతో రాస్తే నాలుగు వీధుల ముందు ఆయన అమ్మలాగే నవ్వులపాలవుతాడు, చేతులారా తప్పు లెక్క రాసినదాన్ని నేనవుతాను, తాళంచెవి మళ్ళీ ఆయన జేబులోకి పోతుంది. ఏమీ రాయకపోతే అమ్మ గుండీలు కుడుతూనే ఉంటుంది, పేరు పోయినట్టే పోయి ఉంటుంది.

కాగితం నా ముందే ఉంది. మీరైతే దాని మీద ఏ టైము రాస్తారు?